అప్‌డేట్: పండుగప్పకి గాలం సెట్ కొన్నాను

మైపాడు దగ్గర బకింగ్‌హామ్ కాలువలో పండుగప్పకి ఏ రాడ్, ఏ రీలు కొనాలని మిమ్మల్ని అడిగాను కదా. ఏడడుగుల మీడియం హెవీ రాడ్, 4000 సైజు స్పిన్నింగ్ రీలు, 30 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిన) దారం తీసుకున్నాను. డబ్బులు రీలు మీదే ఎక్కువ పెట్టాను, ఉప్పునీళ్లకి చవకవి ఆగవు. వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడుగుతున్నా.

అన్నిటికంటే పనికొచ్చింది లీడర్ గురించి, అంటే దారానికీ కొక్కేనికీ మధ్య కట్టే గట్టి దారం ముక్క గురించి ఒకన్న ఇచ్చిన సలహా. పండుగప్ప మొప్ప రేకు అంచు బ్లేడే. తల విదిలించిందంటే బ్రెయిడ్ తెగాల్సిందే. అందుకే చివర రెండు మూరలు 40 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (రాపిడికి ఆగే నున్నటి దారం) లీడర్‌గా కట్టాను. మొన్న చేపని గట్టుకి లాగి చూస్తే, కొక్కేనికి జానెడు పైదాకా లీడరంతా గరుకుగా గీసుకుపోయి ఉంది. తెగలేదు మాత్రం!

ఎరగా వేసిన రబ్బరు రొయ్యని చేప పట్టించుకోలేదు, బతికున్న రొయ్యకే పడింది. కొరమీనుకి కూడా ఈ రాడే సరిపోతుందా అన్నా?