సమస్య: చావు లేని చోటఁ జచ్చు నొడలు

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. చా–జ యతి సరిపోయింది. ఈ వారం పూరణ జీవశాస్త్రపరంగా, ‘అపాప్టోసిస్’ (ఒంటి మేలుకు కణం ఒక పద్ధతిగా తనంతట తాను చావడం) మీద ఉండాలి. – నిర్వాహకుడు

గాజువాక: నైట్‌షిఫ్టు దిగి బస్సులో కట్టిన పద్యం. తప్పులుంటే చెప్పండి.

కణము లెల్లఁ దమకుఁ గాలమ్ము దీరఁ బో
వలయు, నొకటి మొండి పట్టు పట్టి
పెరిఁగి పెరిఁగి తుదకుఁ బెనుఁగంతి యయ్యెరా
చావు లేని చోటఁ జచ్చు నొడలు

నిర్వాహకుడు: సమర్థన బలంగా ఉంది. ‘రా’ మాత్రం గణం నింపడానికే వచ్చింది. ‘యౌఁ గదా’ అనండి.

పెదవాల్తేరు (రిటైర్డు జువాలజీ లెక్చరర్): ‘కాలమ్ము దీర’ అంటే ముసలితనమే కారణమనిపిస్తుంది. అంతే కాదండి. డీఎన్‌ఏ బాగుచేయలేనంతగా చెడితే పీ53 ప్రోటీన్ పడుచు కణాన్నయినా చావు దారి పట్టించగలదు. చాలా క్యాన్సర్లలో చెడిపోయేది ఆ పీ53 జన్యువే.

సీతమ్మధార:

అమ్మ కడుపులోన నరచేతి వ్రేళ్ళకు
నడిమి పొరలు చచ్చి నలువు దెచ్చు;
చేతిలోనె యింత చిత్రమ్ము గలదయా
చావు లేని చోటఁ జచ్చు నొడలు

పెదవాల్తేరు: విషయం నిజం. బాతు కాలివేళ్ళ నడుమ ఆ చావు చాలావరకు జరగదు, అందుకే పొర మిగిలింది.

నిర్వాహకుడు: పద్యం ముచ్చటగా ఉందమ్మా, సమస్య మాత్రం తీరలేదు. వేళ్ళు అతుక్కుంటే మనిషి చావడు కదా! మూడో పాదానికీ నాలుగో పాదానికీ లంకె లేదు.

గాజువాక: మాస్టారూ, మా షాపులో ఒకాయనకు చెయ్యి కాలి తోలు చచ్చింది. అదీ అపాప్టోసిసేనా?

పెదవాల్తేరు: అలా వాడకండి. బాగా కాలినచోట ప్రధానంగా జరిగేది నెక్రోసిస్. అందులో కణం ఉబ్బి పగిలి, లోపలి సరుకంతా చుట్టూ చిమ్ముతుంది, వాపు వస్తుంది. అపాప్టోసిస్‌లో కణం ముడుచుకుంటుంది, కాస్పేస్ ఎంజైములు లోపలి ప్రోటీన్లను కోస్తాయి, ముక్కలు పొరలో మూటకట్టినట్టే ఉండగా పక్క కణాలు మింగేస్తాయి. కెర్, వైలీ, కర్రీ 1972లో ఈ పేరు పెట్టింది ఆ రెండో తీరుకే. సి. ఎలిగాన్స్ అనే నులిపురుగు ద్విలింగ జీవిలో, ఎదుగుదలలో పుట్టే 1,090 దేహకణాల్లో 131 ఇలా పోతాయి. ఏ కణం పోతుందో ముందే ఖాయం! ఆ పురుగు మీది పనికే 2002 నోబెల్. సరే, నా పూరణ:

తనదు మేని పైనె దాడిచేసెడి కణ
మును నశింపఁ జేయు ముందె గ్రంథి;
దయను దలఁచి దాని దరిఁజేర నిచ్చెనా
చావు లేని చోటఁ జచ్చు నొడలు

సీతమ్మధార: ఏ గ్రంథి అండీ?

పెదవాల్తేరు: రొమ్ముటెముక వెనకాలి థైమస్. అక్కడ తయారయ్యే టీ కణాల్లో (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు) చాలా వరకు బయటికే రావు.

నిర్వాహకుడు: ‘దయ’ చంపుతుందనడం బాగుంది. గ్రంథి పేరు పద్యంలోనే తెలిస్తే ఇంకా బాగుండేది. అయినా ఈ వారానికి ఇదే మేటి. సీతమ్మధార వారు మూడో పాదం మార్చి మళ్ళీ పెట్టండి.