వేసవిలో పల్లెపాటల రోజు: నాట్ల పాటను స్టేజీ ఎక్కించాలా?

ఆత్మకూరు రైతుబిడ్డ:
ఈ సెలవుల్లో మా ఊళ్లో ఒక రోజు పాత సేద్యం, పల్లెపాటల కార్యక్రమం పెట్టాలని కుర్రాళ్లం అనుకుంటున్నాం. ఊరి చివర పాత కల్లం ఉంది, పక్కనే ఎవరూ ఉండని మండువా ఇల్లు ఉంది. చెన్నై దగ్గర దక్షిణచిత్ర మ్యూజియంలో పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు కదా, మనం ఉన్నచోటనే చూపిద్దామని ఆలోచన. పొద్దున దుక్కి, గొర్రుతో విత్తడం, తూర్పారపట్టడం. సాయంత్రం కోలాటం, చెక్కభజన, నాట్ల పాటలు. నాట్ల పాటల దగ్గరే ఊరు రెండుగా చీలింది. కూలికి పోయి పాడుకున్న పాటను స్టేజీ మీద పాడించడమేంటని కొందరు, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడని కొందరు. మీరేమంటారు?

కనిగిరి మెట్ట:
నేను వద్దనే అంటాను. మా అమ్మ ఇక్కడ పనుల్లేక డెల్టాకు నాట్లకు వలస పోయేది. పొద్దుగూకేదాకా బురదలో నిలబడితే కాలివేళ్ల సందులు ఒరిసిపోయేవి. రాత్రి పసుపు, ఆముదం రాసుకుని పడుకునేది. ఆ పాట సరదాకి పుట్టింది కాదన్నా, నడుం నొప్పి మరిచిపోవడానికి పుట్టింది. గట్టు మీద గొడుగేసుకుని నిలబడిన ఆసామి గురించి అందులో చరణాలున్నాయి. స్టేజీ మీద వాటిని పాడనిస్తారా? ముందు వరసలో కూర్చునేది ఆ ఆసాముల మనవళ్లే కదా. కష్టాన్ని వదిలేసి రాగం ఒక్కటే తీసుకుంటామంటే నాకు కడుపు మండుతుంది.

ఒంగోలు గిత్త:
పాటల సంగతి మీరు తేల్చుకోండి. ఎడ్ల గురించి నేను చెబుతా. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో దుక్కి పెట్టకండి. పెట్టేటట్టయితే తెల్లవారుజామున మొదలెట్టి ఎనిమిదికల్లా కాడి దించేయండి. ఇంకో మాట. బండలాగుడు పోటీల ఎడ్లను అద్దెకు తెచ్చి నాగలి కట్టొద్దు. వాటి మేత వేరు, అలవాటు వేరు. మెల్లగా సాలు పట్టి నడవడం నేర్చిన జత కావాలి. అలాంటి జత ఇప్పుడు ఊరికొకటి కూడా దొరకదు. మన ఒంగోలు జాతి బ్రెజిల్‌లో నెల్లూరు పేరు పెట్టుకుని కోట్లలో మేస్తోంది, మన ఊళ్లో కాడికి అలవాటైన జత కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. దొరికితే మాత్రం తప్పకుండా చూపించండి, పిల్లలు చూడాలి.

కావలి టీచరమ్మ:
కనిగిరి తమ్ముడూ, నీ బాధలో న్యాయం ఉంది. కానీ వద్దు అనే మాట పాడేవాళ్ల నోటి నుంచి రావాలి, మన నోటి నుంచి కాదు. మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. అడిగితే చాలు, ఎత్తుకుంటుంది. తనకొచ్చిన పాట కోడలికి రాదని ఆమెకు దిగులు. అలాంటి మనిషిని పిలవకపోవడం గౌరవమా?

స్వీడన్‌లో 1891లో స్కాన్సెన్ అని ఆరుబయట మ్యూజియం పెట్టారు. పాత ఇళ్లు తెచ్చిపెట్టి వదిలేయలేదు, పాత పనులు చేసి చూపించే మనుషులనూ ఆటపాటలనూ అందులో ఉంచారు. చేసే చెయ్యి లేకుండా పనిముట్టు ఒక్కటే గోడకు తగిలిస్తే పిల్లలకు ఏం అర్థమవుతుంది? గొర్రుకుండే గిన్నెలాంటి జడ్డిగంలో గింజలు పోసే ఆడమనిషి పిడికిలి చూడాలి. ఎడ్లు నడుస్తూనే ఉంటాయి, ఆమె వెనకే నడుస్తూ వేళ్ల సందుల్లోంచి ఒకే ధారగా వదలాలి. చెయ్యి ఒక్క క్షణం ఆగితే సాలులో అంతమేర మొలక ఉండదు. అంత నేర్పున్న మనిషికి కూలి మాత్రం మగవాళ్లకంటే తక్కువ. ఇదీ చెప్పాలి పిల్లలకి.

కనిగిరి మెట్ట:
ఇదంతా చెబుతామంటే నాకు అభ్యంతరం లేదు మేడమ్. చెప్పరనే నా భయం.

సోమశిల కాలువ:
ఇద్దరూ స్టేజీ చుట్టూనే తిరుగుతున్నారు. అసలు స్టేజీ ఎందుకు? వేసవిలో పొలాలు ఖాళీ అనేది వేరే జిల్లాల మాట. మన నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, అందుకే మొదటి పంట కోత వేసవి మొదట్లో అవుతుంది. సోమశిల జలాశయంలో నీళ్లుంటే ఆ వెంటనే ఎడగారు, అదే రెండో పంట. అంటే ఎండాకాలంలో నిజంగానే నాట్లు పడే ప్రాంతం మనది. నీళ్లొచ్చిన ఏడాది ఒక మడిలో నిజం నాట్లు పెట్టించండి, చూసేవాళ్లు గట్టు మీద నిలబడతారు.

నాట్ల పాట మైకు ముందు నిలబడి పాడితే సగం పోతుంది. ఎడమచేతిలో నారుకట్ట, కుడిచేత్తో రెండు మూడు మొక్కలు గుచ్చడం, వెనక్కి అడుగు. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకునేసరికి వరసంతా ఒక్కసారే వెనక్కి జరుగుతుంది. పాట ఆగితే వరస వంకర పోతుంది. అది కళ్లతో చూసినవాడికి ఆ పాట ఎందుకు అలా ఉందో ఎవరూ వివరించక్కర్లేదు. కనిగిరి తమ్ముడు చెప్పిన బురదా కనిపిస్తుంది.

నాట్లతో ఆపేయొద్దు. మన జిల్లాలో పొలం కథ యానాదులు లేకుండా పూర్తి కాదు. కుండలో గడ్డి మంట పెట్టి కలుగులోకి పొగ ఊది ఎలుకలు పట్టింది వాళ్లు, పంటను కాపాడింది వాళ్లు. వాళ్ల పాటలు, ఆటలు ఎవరి లిస్టులోనూ లేవు. ఇప్పటిదాకా ఇక్కడ కూడా ఒక్కరూ వాళ్ల పేరెత్తలేదు. పాత వరి రకం మొలకొలుకులు పక్కన నెల్లూరు పరిశోధన కేంద్రం వాళ్ల 34449 రకం కూడా పెట్టండి. ఆరు నెలల పంట పోయి తక్కువ రోజుల పంట ఎందుకొచ్చిందో రైతులే చెబుతారు.

ఆత్మకూరు రైతుబిడ్డ:
అన్నా, మడి ఆలోచన మాకు తట్టనే లేదు. కానీ నాటేవాళ్లకు ఆ రోజు కూలి ఇస్తే సరిపోతుందా, వేరేగా ఇవ్వాలా?

సోమశిల కాలువ:
కూలి నాట్లకు, పాటకు వేరే. కోలాటం గురువుకు ఎంత ఇస్తారో ముందెత్తుకునే ఆమెకూ అంతే ఇవ్వండి, శాలువాతో సరిపెట్టొద్దు. వడ్లు పుట్టి, అంటే 850 కేజీలు, ఎంతకు పోతుందో గట్టు మీద నిలబడి లెక్కేస్తాం, పాట దగ్గరికొచ్చేసరికి ఉచితం అంటాం. రికార్డు చేసేముందు అడగండి. ఆసామి మీది చరణం పాడతానంటే పాడనివ్వండి.

కనిగిరి మెట్ట:
ఆ చరణం పాడనిస్తామని ఊరి పెద్దల చేత ముందే ఒప్పించు తమ్ముడూ. ఒప్పుకుంటే మా అమ్మను నేనే తీసుకొస్తా. ఇప్పుడు వంగలేదు, గట్టు మీద కూర్చుని ఎత్తుకుంటుంది.