అమెరికా పదవీ ప్రమాణంలో సహజ హక్కుల ఊసే లేదెందుకు?

కాగడా (ప్రశ్న)

అమెరికా రాజ్యాంగ చరిత్ర బాగా తెలిసినవాళ్లని అడుగుతున్నాను. 1776 జూలై 4 నాటి స్వాతంత్ర్య ప్రకటన సూటిగా చెప్పేస్తుంది: మనుషులకి పుట్టుకతోనే వచ్చిన, ఎవరూ లాక్కోలేని హక్కులున్నాయి, ప్రభుత్వాలు పుట్టిందే వాటిని కాపాడటానికి. తీరా అధ్యక్షుడి నుంచి మామూలు గుమాస్తా దాకా చేసే ప్రమాణంలో ఆ మాటే వినపడదు. రాజ్యాంగాన్ని "సమర్థిస్తాను" లేదా "కాపాడతాను", అంతే.

నా సందేహాలు మూడు. ఇది కావాలని వదిలేసిందా? రాజ్యాంగం ఒకటి చెప్పి, సహజ హక్కు ఇంకోటి చెబితే ప్రమాణం చేసినవాడు దేనికి కట్టుబడాలి? ప్రమాణ పాఠానికి సొంత మాటలు కలుపుకోవచ్చా?

పాతసంపుటి

మొదటిదానికి నా జవాబు. 1787లో రాజ్యాంగం రాయడానికి ఫిలడెల్ఫియాలో కూర్చున్నవాళ్ల బెంగ వేరు. రాష్ట్రాలు కేంద్రాన్ని లెక్కచేయకుండా ఎవరి దారిన వాళ్లు పోతున్నాయి. అందుకే 6వ అధికరణంలో కేంద్ర అధికారులతోపాటు రాష్ట్ర శాసనసభ్యుల్ని, రాష్ట్ర అధికారుల్ని, జడ్జీలని కూడా "ఈ రాజ్యాంగాన్ని సమర్థిస్తాం" అన్న ప్రమాణంతో కట్టేశారు. ఆ వాక్యంలోనే ఏ పదవికీ మతపరమైన పరీక్ష పెట్టకూడదన్న షరతూ ఉంది. ఇంగ్లండులో పదవి కావాలంటే ఫలానా మత సిద్ధాంతాన్ని ఒప్పుకోవాల్సి వచ్చేది, ఆ చేదు వీళ్లకి గుర్తుంది. మనసులో ఏముందో తవ్వే ప్రమాణం వద్దనుకున్నారు. సహజ హక్కుల సిద్ధాంతాన్ని నమ్ముతున్నానని చెప్పించినా అదీ ఒక రకం విశ్వాస పరీక్షే అవుతుంది కదా.

మొదటి కాంగ్రెస్ చేసిన మొట్టమొదటి చట్టం ఈ ప్రమాణం గురించే. 1789 జూన్ 1న వాషింగ్టన్ సంతకం పెట్టాడు. పాఠం ఇంగ్లీషులో 14 మాటలు, చివర దేవుడి పేరు కూడా లేదు. అధ్యక్షుడి ప్రమాణం ఇంతకంటే ముందే 2వ అధికరణంలో ఉంది, అది 35 మాటలు.

ప్రకటనకి దగ్గరగా వచ్చిన ప్రమాణం వెతకాలంటే ఇంకా వెనక్కి, 1778కి వెళ్లాలి. స్వాతంత్ర్య యుద్ధకాలంలో వాలీ ఫోర్జ్ శిబిరంలో వాషింగ్టన్ సైన్యాధికారులు సంతకం పెట్టిన అచ్చు కాగితంలో 13 రాష్ట్రాలు స్వతంత్రమైనవని, వాటి ప్రజలు బ్రిటన్ రాజు మూడో జార్జికి విధేయులు కారని ఉంటుంది. ప్రకటన చివరి పేరాలోని స్వాతంత్ర్యాన్ని తీసుకున్నారు. రెండో పేరాలోని హక్కుల్ని మాత్రం అప్పుడూ తీసుకోలేదు.

ఇనుపగజ్జె

"ఊసే లేదు" అనడం కాస్త ఎక్కువ. ఫెడరల్ (అంటే కేంద్ర) జడ్జీలు చేసే రెండో ప్రమాణం చూడండి. మనిషిని బట్టి మొహం చూడకుండా న్యాయం చేస్తానని, పేదకీ ధనికుడికీ సమాన హక్కు కల్పిస్తానని అందులో ఉంది. 1789 జ్యుడీషియరీ చట్టం నుంచీ ఉన్న మాటే. "సో హెల్ప్ మీ గాడ్" (దేవుడు నాకు తోడుండుగాక) కూడా జడ్జీలకి అప్పుడే ఉంది, మిగతా ఉద్యోగులకి వచ్చింది 1862లో.

వాదప్రియ

రెండో ప్రశ్న దగ్గరే అసలు రసం ఉంది. ప్రమాణం చేసినవాడు కట్టుబడేది పాఠానికి. సహజ హక్కు ఆ పాఠంలోకి ఎక్కితే అతని చేతికి ఆయుధం దొరుకుతుంది, ఎక్కకపోతే వట్టి చేతులే. దీనికి మసాచుసెట్స్‌ని మించిన ఉదాహరణ నాకు కనపడలేదు.

ఆ రాష్ట్రం 1780 రాజ్యాంగంలో మొదటి అధికరణమే "మనుషులందరూ స్వేచ్ఛగా, సమానంగా పుట్టారు, వాళ్లకి సహజమైన, విడదీయరాని హక్కులున్నాయి" అని మొదలవుతుంది. క్వాక్ వాకర్ అనే బానిస యజమాని దగ్గర్నుంచి వెళ్లిపోయాడు. యజమాని నథానియల్ జెనిసన్ పట్టుకుని కర్రతో కొట్టాడు. తన బానిసని తాను కొట్టుకున్నానన్నది అతని వాదన. 1783లో క్రిమినల్ కేసు విచారణలో ప్రధాన న్యాయమూర్తి విలియం కుషింగ్ జ్యూరీకి చెప్పిందాని సారం ఇది: రాజ్యాంగం అందరూ స్వేచ్ఛగా పుట్టారంటోంది, దానితో బానిసత్వం పొసగదు. జెనిసన్‌కి 40 షిల్లింగుల జరిమానా పడింది. 1790 జనగణనలో ఆ రాష్ట్రం బానిసల గడిలో సున్నా. కుషింగ్ కొత్త సిద్ధాంతమేమీ తేలేదు, రాసి ఉన్నదాన్ని అమలు చేశాడు.

ఫెడరల్ రాజ్యాంగంలో ఆ వాక్యం లేదు. పైగా 4వ అధికరణంలో, ఒక రాష్ట్రంలో పనికి కట్టుబడి ఉండి ఇంకో రాష్ట్రానికి పారిపోయి వచ్చినవాళ్లని (అంటే బానిసలని) అప్పగించాలన్న నిబంధన ఉంది. 1840ల్లో బానిసత్వ వ్యతిరేకులు రెండు ముక్కలైంది ఇక్కడే. వెండెల్ ఫిలిప్స్ 1845లో తెగేసి చెప్పాడు: ఈ ప్రమాణం చేసినవాడు అప్పగింతకి కూడా మాటిచ్చినట్టే, కాబట్టి మనవాళ్లు పదవి తీసుకోకూడదు, ఓటు కూడా వేయకూడదు. అదే ఏడాది లైసాండర్ స్పూనర్ ఎదురు వాదన తెచ్చాడు. రాజ్యాంగంలో "బానిస" అన్న మాటే లేదు, సహజ హక్కుని కాలరాసే అర్థం తీయాలంటే ఆ ఉద్దేశం తిరుగులేనంత స్పష్టంగా రాసి ఉండాలి, గుడ్డిగా ఊహించుకోకూడదు అన్నాడు. ఈ సూత్రం అతని సొంతం కాదు, 1805 నాటి ఒక తీర్పులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ రాసింది. బానిసత్వం నుంచి తప్పించుకొచ్చి ఉద్యమ నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్ మొదట్లో ఫిలిప్స్ వైపే ఉండి 1851లో ఇటు వచ్చాడు.

నా లెక్కలో స్పూనర్ తర్కం గట్టిది, చరిత్ర ఫిలిప్స్‌ది. 1787లో ఆ నిబంధన ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు. చివరికి బానిసత్వాన్ని రద్దుచేసిన 13వ సవరణ పాఠాన్నే మార్చాక గానీ తగువు తీరలేదు.

కాగడా

స్వాతంత్ర్య ప్రకటన యూ.ఎస్. కోడ్ (ఫెడరల్ చట్టాల సంకలనం) మొదట్లోనే అచ్చవుతుంది కదా, అప్పుడది చట్టం కాదా?

పాతసంపుటి

అవును, "ఆర్గానిక్ లాస్" (మూల చట్టాలు) అనే శీర్షిక కింద కాన్ఫెడరేషన్ ఒప్పందం, 1787 నార్త్‌వెస్ట్ ఆర్డినెన్స్, రాజ్యాంగాలతో పాటు ఉంటుంది. అంతమాత్రాన కోర్టులో దాని మీద దావా నడవదు. అది నిజంగా షరతుగా పనిచేసిన చోటు వేరే ఉంది. 1864లో నెవాడాని రాష్ట్రంగా చేర్చుకునే చట్టంలో, కొత్త రాష్ట్ర రాజ్యాంగం స్వాతంత్ర్య ప్రకటన సూత్రాలకి విరుద్ధంగా ఉండకూడదని రాశారు. 1894లో యూటాకీ అదే షరతు.

కోర్టుల సంగతంటారా, 1798 నాటి సుప్రీంకోర్టు తీర్పు కాల్డర్ వర్సెస్ బుల్ చదవండి. ఒకరి ఆస్తి లాగి ఇంకొకరికి ఇచ్చే చట్టం, రాజ్యాంగంలో నిషేధం లేకపోయినా చెల్లదంటాడు జస్టిస్ చేజ్. సహజ న్యాయానికి స్థిరమైన కొలబద్ద ఏదీ లేదు, దాన్ని పట్టుకుని చట్టం కొట్టేయలేం అంటాడు ఇంకో జడ్జి ఐరెడెల్. ఈ తగాదా ఇప్పటికీ 9వ సవరణ (రాజ్యాంగంలో రాయని హక్కులూ ప్రజలకి ఉంటాయనేది) పేరుతో, 14వ సవరణలోని "డ్యూ ప్రాసెస్" (తగిన న్యాయ ప్రక్రియ) పేరుతో నడుస్తూనే ఉంది.

ఇనుపగజ్జె

ప్రమాణంతో ఎక్కువ ఆశిస్తే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. అంతర్యుద్ధం నడుస్తుండగా 1862 జూలై 2న కాంగ్రెస్ "ఐరన్‌క్లాడ్" (ఉక్కు కవచం లాంటి) ప్రమాణం తెచ్చింది. అప్పటిదాకా ప్రమాణం అంటే ఇకముందు ఎలా ఉంటానన్న మాట. ఇది వెనక్కి తిరిగి, నేనెన్నడూ అమెరికా మీద ఇష్టపూర్వకంగా ఆయుధం పట్టలేదు, శత్రువుకి సాయం చేయలేదు అని చెప్పించింది. 1865లో ఫెడరల్ కోర్టు లాయర్లకీ పెట్టారు. 1867లో సుప్రీంకోర్టు ఎక్స్ పార్టీ గార్లాండ్ కేసులో 5-4తో దాన్ని లాయర్ల వరకు కొట్టేసింది: విచారణ లేకుండా వేసిన శిక్ష ఇది, అదీ జరిగిపోయినదానికి. అదే రోజు మిసోరీ రాష్ట్ర ప్రమాణం కూడా పోయింది. అది చేయకుండా ప్రసంగించినందుకు కమింగ్స్ అనే క్యాథలిక్ పూజారికి 500 డాలర్ల జరిమానా వేశారు మరి. 1868లో మాజీ కాన్ఫెడరేట్ల (అంతర్యుద్ధంలో తిరగబడ్డ దక్షిణాది పక్షం వాళ్ల) కోసం మెత్తటి పాఠం రాశారు, 1884లో ఐరన్‌క్లాడ్ రద్దయ్యాక అదే అందరికీ మిగిలింది. ఈరోజు ఉద్యోగులు చదివే "స్వదేశీ, విదేశీ శత్రువులందరి నుంచీ" అన్న వాక్యం అంతర్యుద్ధపు మిగులే.

14వ సవరణ 3వ సెక్షన్ కూడా ఆ కాలానిదే. రాజ్యాంగాన్ని "సమర్థిస్తాను" అని ప్రమాణం చేసి తిరుగుబాటులో దిగినవాడికి మళ్లీ పదవి లేదు, కాంగ్రెస్ రెండు సభల్లో మూడింట రెండొంతుల ఓటుతో మన్నిస్తే తప్ప. అధ్యక్షుడి ప్రమాణంలో ఆ "సమర్థిస్తాను" లేదు, "కాపాడి, రక్షించి, సంరక్షిస్తాను" ఉంది. డొనాల్డ్ ట్రంప్ మళ్లీ అధ్యక్ష పదవికి పోటీ చేయొచ్చా అన్న కేసులో 2023లో కొలరాడో జిల్లా కోర్టు ఈ తేడానీ లెక్కలోకి తీసుకుంది, పై కోర్టు ఒప్పుకోలేదు. 2024 మార్చి 4న సుప్రీంకోర్టు వేరే కారణం మీద తేల్చింది: ఫెడరల్ పదవులకి ఈ సెక్షన్‌ని అమలుచేసే అధికారం రాష్ట్రాలకి లేదు.

వాదప్రియ

మూడో ప్రశ్న మిగిలిపోయింది. కలపడం కుదరదు. ఫెడరల్ ఉద్యోగంలో చేరేవాళ్లు సంతకం పెట్టేది స్టాండర్డ్ ఫారం 61. ప్రమాణంతో పాటు సమ్మె చేయనని, ఈ ఉద్యోగం డబ్బిచ్చి కొనలేదని రెండు అఫిడవిట్లు అదే కాగితంలో ఉంటాయి. "స్వేర్" (ఒట్టేస్తున్నాను) బదులు "అఫర్మ్" (దృఢంగా చెబుతున్నాను) అనదలచుకున్నవాళ్లు "స్వేర్" అన్న మాటని, చివరి "సో హెల్ప్ మీ గాడ్"ని గీత గీసి కొట్టేయొచ్చు. ఆ మాటలు తప్ప ఇంకేదీ కొట్టేయకూడదని ఈ ఫారం పాత ముద్రణల్లో అడుగునే అచ్చు వేసేవారు. పాఠంలోనే "మనసులో ఏ మినహాయింపూ దాచుకోకుండా" అని ఉంది కాబట్టి, సహజ హక్కులకి లోబడి మాత్రమే అని లోలోపల అనుకుని సంతకం పెట్టడానికీ వీల్లేదు.

అధ్యక్షుడి విషయంలో పట్టింపు ఇంకా ఎక్కువ. 2009 జనవరి 20న ప్రధాన న్యాయమూర్తి ఒబామా చేత "ఫెయిత్‌ఫుల్లీ" (నమ్మకంగా) అన్న ఒక్క మాటని చోటు మార్చి పలికించారు. మర్నాడు వైట్‌హౌస్ మ్యాప్ రూమ్‌లో, బైబిల్ లేకుండా, 35 మాటలూ వరసగా మళ్లీ చెప్పించారు.