సమస్యాపూరణం: గెలిచి యోడెను దొర తన గెలుపు వలన

పాతచెట్టు:
ఈసారి తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి. నాలుగో పాదం ఇదీ, పై మూడూ మీరు పూరించాలి:

గెలిచి యోడెను దొర తన గెలుపు వలన

కథావస్తువు కల్పిత లోకంలోని ఓర్కుల (కాల్పనిక కథల్లోని క్రూరమైన యుద్ధజాతి) దండనాయకుడు. అతను లేచిన తీరు, కూలిన తీరు రెండూ రావాలి. "తన గెలుపు వలన" అన్న మాటను మాత్రం వదిలేయకండి, చిక్కుముడి అంతా అక్కడే ఉంది.

పిడుగు:
పగయె కట్టిన తాడయి పట్టి యుంచ
నోర్కు తెగలెల్ల నిలిచిన వొక్కచోట;
కక్ష తీరఁగఁ గత్తులు కలహమాడె;
గెలిచి యోడెను దొర తన గెలుపు వలన.

తేటనీరు:
మొదటి పూరణే ఇలా వస్తే మిగతావాళ్ళకి టెన్షన్ కాదా! శత్రువు ఉన్నంతకాలమే తెగలన్నీ ఒక్కటి. శత్రువును తుడిచిపెట్టడంతో దొర తన కట్టును తానే తెంపుకున్నాడు. నిజ చరిత్రలో కొంత దగ్గరగా కనిపించేది హూణుల కథ. వాళ్ళ రాజు అట్టిలా 453లో చనిపోయాడు. మరుసటి ఏడాదే నెడావో నది దగ్గర జరిగిన యుద్ధంలో అతని కొడుకులను ఓడించింది అంతవరకూ హూణులకు లొంగి ఉన్న తెగలే. అక్కడ కట్టు తెగింది చావుతో, ఇక్కడ గెలుపుతో. సమస్యకు ఇదే బాగా అతికింది.

కలంకత్తి:
కోట చేజిక్కె, సింహాసనమ్ము దొరికె;
యుద్ధమన్నది మరచిరి యోధులెల్ల;
రాత్రి వేళను శత్రువు వ్రాలె మీఁద;
గెలిచి యోడెను దొర తన గెలుపు వలన.

పాతచెట్టు:
మొదటి పాదంలో యతి తప్పింది. నాలుగో గణం "నమ్ము", కాబట్టి "కో"కు "న" ఎదురైంది. "కోట చేజిక్కె, గద్దెపైఁ గూరుచుండె" అంటే గణాలూ సరిపోతాయి, కో-గూ యతీ కుదురుతుంది. మూడో పాదంలో రా-వ్రా మాత్రం సంయుక్తాక్షర యతి (జంట అక్షరంలోని ఒక హల్లుతో మైత్రి), చెల్లుతుంది.

తేటనీరు:
యతి దిద్దుకోవచ్చు, కథ సంగతి ఏమిటి? కోట దొరికాక సైన్యం బద్ధకించడం ఏ రాజు కథలోనైనా పెట్టొచ్చు. ఇందులో ఓర్కు వాసనే లేదు. పైగా ఓడించింది బయటి శత్రువు, కాపలా లేకపోవడం. గెలుపు మీదికి నేరం బలవంతంగా తోసినట్టుంది.

కలంకత్తి:
సవరణ తీసుకుంటున్నాను. విమర్శ కూడా, కొంచెం మూతి ముడుచుకుని.

పిడుగు:
ఇంకొకటి.

దొరను జంపిన వాఁడౌను దొర యటంచుఁ
దానె నేర్పెను గెలిచిన తరుణమందె;
చూచి నేర్చిన కుఱ్ఱఁడు చురియ దూసె;
గెలిచి యోడెను దొర తన గెలుపు వలన.

తేటనీరు:
ఇది ఓర్కుల లోకం! అక్కడ వారసత్వం లేదు, పట్టాభిషేకం లేదు, దొరను పడగొట్టడమే అర్హత. అతను ఎక్కిన మెట్టే అతని మీదికి వచ్చేవాడికీ మెట్టయింది. "తానె నేర్పెను" దగ్గర ఆగి మళ్ళీ చదివాను. లేవడం, కూలడం రెండూ ఒకే పనిలో ఇమిడిపోయాయి. "చూచి నేర్చిన" అన్నాక కుఱ్ఱవాడి గురించి ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

పాతచెట్టు:
నా పూరణ కూడా పెడుతున్నాను, పోటీలో లెక్కపెట్టకండి. ఇతను గనుల్లో పుట్టిన బానిస.

రాళ్ళు మోసిన చేతులు రాజ్యమేలె;
సంకెలల్ ద్రెంచి, పిదపను సంకెలలనె
యోడినట్టి వారల కాళ్ల కొప్పగించె;
గెలిచి యోడెను దొర తన గెలుపు వలన.

కలంకత్తి:
మూడో పాదంలో "ఓ"కు "కొ"తో యతి ఎలా?

పాతచెట్టు:
"కాళ్లకు ఒప్పగించె" అని విడదీయండి. సంధిలో దాగిన "ఒ"తో "ఓ"కు స్వరయతి, అంటే అచ్చుకు అచ్చుతో మైత్రి.

పిడుగు:
మొదటి పాదం ముందు నా రెండూ దిగదుడుపే. కానీ ఒక అభ్యంతరం: ఇతను ఎవరి చేతిలో ఓడాడు? గద్దె మీద భద్రంగానే ఉన్నాడుగా! నీతి పరంగా ఓడాడంటే నేను ఒప్పుకుంటాను, "కూలిన తీరు" అడిగింది మీరే.

పాతచెట్టు:
దెబ్బ తగిలింది. ఆ సంకెళ్ళవాళ్ళలోంచి రేపు ఒకడు లేస్తాడు అనుకున్నాను, ఆ మాట పద్యంలో పట్టలేదు. రెండో పాదంలో "సంకెల" రెండుసార్లు వాడి చోటంతా తినేశాను. ఈ విడత పిడుగు గారి రెండో పూరణదే.