మందు వికటిస్తే ఫారం రాయించేదెలా?

ప్రశ్న (వార్డు ఫార్మసిస్ట్):
నేను క్లినికల్ ఫార్మసిస్ట్‌ని. మూడేళ్లుగా వార్డుల్లో ఏడీఆర్ ఫారాలు (మందు వికటిస్తే రిపోర్టు చేసేవి) పంచుతున్నాను. పంచినవి పంచినట్టే నర్సింగ్ స్టేషన్ సొరుగులో ఉంటున్నాయి.

మొన్న ఒక పేషెంటుకు వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ డ్రిప్ ఎక్కుతుండగా మొహం, మెడ ఎర్రగా కందిపోయాయి, ఒకటే దురద. డ్రిప్ ఆపి ఇంజెక్షన్ ఇచ్చారు, గంటలో తగ్గింది. కేస్ షీట్‌లో రాసింది రెండే మాటలు: "దురద. తగ్గింది." అట్ట మీద మాత్రం ఎర్ర సిరాతో "వాంకోమైసిన్ అలర్జీ". డ్రిప్ పెట్టిన టైమూ ఆపిన టైమూ చూస్తే, గ్రాము మందు దాదాపు అంతా 20 నిమిషాల్లో ఎక్కేసింది. కనీసం 60 నిమిషాలు పట్టాలి. అంటే తంటా మందుతో కాదు, వేగంతో. రేపు ఆయనకు నిజంగా ఈ మందే కావాల్సొస్తే ఆ ఎర్ర సిరా చూసి ఎవరిస్తారు?

ఫారం రాయమంటే "అందరికీ తెలిసిన రియాక్షనే కదమ్మా" అన్నారు డాక్టర్‌గారు. మీ దగ్గర ఎలా రాయిస్తున్నారు?

జవాబు (రాత్రి డ్యూటీ సిస్టర్):
మాది బద్ధకం కాదమ్మా, భయం. ఒకసారి రాశాను. రియాక్షన్ సంగతి పక్కకు పోయి "డ్రిప్ పెట్టిందెవరు?" అని మెమో చేతికొచ్చింది. మళ్లీ ఆ సొరుగు తెరవలేదు. పైగా బ్యాచ్ నంబరు అడుగుతారు, అప్పటికి సీసా చెత్తబుట్టలో ఉంటుంది. షిఫ్ట్ మారేటప్పుడు మీరే వచ్చి, రాత్రి ఎవరికైనా మందు పడలేదా అని అడగండి. నోటితో అయితే చెప్తాం.

జవాబు (ఒక ఫిజీషియన్):
మందు వల్లే అని తేలాక రాద్దాంలే అనుకుంటాం. ఆ తేలడం ఎప్పటికీ జరగదు. అనుమానం చాలు. పేషెంటు ఆనవాలు, అనుమానించిన మందు, రియాక్షన్, రాసినవారి వివరం ఉంటే రిపోర్టు చెల్లుతుంది. రియాక్షన్ మందు వల్లే అనడానికి ఎంత అవకాశముందో లెక్కగట్టే నరాంజో స్కోరు తర్వాత మీరు వేసుకోవచ్చు. 1961 డిసెంబరులో, గర్భిణులు వేవిళ్లకు వాడిన థాలిడమైడ్ మందు గురించి ఆస్ట్రేలియా డాక్టర్ మెక్‌బ్రైడ్ లాన్సెట్ వైద్య పత్రికకు రాసింది చిన్న ఉత్తరమే. శిశువుల్లో తాను చూసిన అవకరాలు చెప్పి, మీరూ ఇలాంటివి చూశారా అని అడిగారంతే. (ఆయనే తర్వాత ఇంకో పరిశోధనలో మోసం చేసి దొరికిపోయారు, అది వేరే కథ.)

జవాబు (ఇంకో ఫార్మసిస్ట్):
మేం ఫారాల కోసం ఎదురుచూడటం మానేశాం. ముందురోజు ఫార్మసీ నుంచి అర్జెంటుగా వెళ్లిన అడ్రినలిన్, హైడ్రోకార్టిసోన్, నలాక్సోన్, విటమిన్ కె లిస్టు పొద్దున్నే తీస్తాం. విరుగుడు వెళ్లిన చోట ఏదో వికటించి ఉండొచ్చు. హైడ్రోకార్టిసోన్‌లో చాలావరకు ఆస్తమా వాళ్లే తేలతారు, వాళ్లను తీసేస్తే మిగిలేది కొద్దిమంది. రాసినవాళ్లకు ఏం తేలిందో తిరిగి చెప్పడం మాత్రం మర్చిపోకండి.

ప్రశ్న అడిగినవారు:
వారంగా షిఫ్ట్ మారే టైముకు వెళ్తున్నాను. రెండ్రోజులు ఎవరూ పలకలేదు. మూడోరోజు ఒక సిస్టర్ జేబులోంచి ఖాళీ సీసా తీసిచ్చారు. దాని మీద ప్లాస్టర్ ముక్క అంటించి టైము రాసుంది. "బ్యాచ్ నంబరు అడుగుతారుగా" అన్నారు. ఎర్ర సిరా కొట్టేసి, "వేగంగా ఎక్కించినప్పుడు వచ్చింది" అని డాక్టర్‌గారు రాశారు. డ్రిప్ పెట్టినవారి పేరు అడిగే గడి మా ఆసుపత్రి సొంతంగా చేర్చుకున్నది, అది ఇంకా ఫారంలో ఉంది. సోమవారం సూపరింటెండెంట్‌గారిని అడుగుతాను.