12 ఏళ్ల పాపకి రెండు సాఫ్ట్‌బాల్ టీమ్‌ల నుంచి పిలుపు: ఏది చూసి తేల్చుకోవాలి?

హబ్సిగూడ అమ్మ:

మా పాపకి 12 ఏళ్లు, 7వ తరగతి. కుడిచేతి వాటం. పిచింగ్ (బ్యాటర్‌కి బంతి విసరడం) చేస్తుంది, పిచింగ్ లేనప్పుడు సెకండ్ బేస్‌లో (పరుగుకి తాకాల్సిన గుర్తుల్లో రెండోదాని దగ్గర) ఆడుతుంది. రెండు టీమ్‌ల వాళ్లు సెలక్ట్ చేసుకున్నారు. నెలాఖరులోగా ఎవరికో ఒకరికి మాటివ్వాలి.

మొదటిది గచ్చిబౌలి వైపు. 18 మంది అమ్మాయిలు, అందులో నలుగురు పిచర్లు. కప్పులు బాగా గెలుస్తున్నారు, బయటి రాష్ట్రాల టోర్నమెంట్లకి వెళ్తారు. నెలకి 3,000. కొత్త కాంపోజిట్ (కార్బన్ ఫైబర్ లాంటివి కలిపి చేసిన) బ్యాట్ కొనాలంటున్నారు. 2028 ఒలింపిక్స్ అని పోస్టర్ కూడా వేశారు. రెండోది ఓయూ (ఉస్మానియా యూనివర్సిటీ) క్యాంపస్ వైపు. 12 మంది, పిచర్ ఒక్కతే. నెలకి 1,200. ఇంతవరకు పెద్దగా గెలిచింది లేదు. రెండుచోట్లా ప్రాక్టీస్ పొద్దున 6 గంటలకే. స్కూల్లో సాఫ్ట్‌బాల్ టీమ్ లేదు. పాపని అడిగితే ఒకరోజు ఇది, ఒకరోజు అది అంటోంది. వాళ్లని ఏమేం అడగాలో, ఏం గమనించాలో తెలిసినవాళ్లు చెప్పండి.

విండ్‌మిల్ కోచ్:

అమ్మా, కప్పుల సంగతి కాసేపు పక్కన పెట్టి ఒక లెక్క వేయండి. మ్యాచ్‌కి 7 ఇన్నింగ్స్, ఫీల్డ్‌లో 9 మంది. 7 తొమ్ములు 63. ఆ 63ని 18 మందికి సమానంగా పంచితే తలకి మూడున్నర ఇన్నింగ్స్, 12 మందికి పంచితే ఐదుంపావు వస్తాయి. టైమ్ అయిపోయో, పరుగుల తేడా మరీ పెరిగిపోయో ఈ వయసు మ్యాచ్‌లు చాలాసార్లు 5 ఇన్నింగ్స్‌కే ఆగిపోతాయి. అప్పుడు పెద్ద టీమ్‌లో రెండున్నర, చిన్న టీమ్‌లో మూడుంముప్పావు. ఇదంతా సమానంగా పంచితేనే. కప్పు కోసం ఆడే కోచ్ అలా పంచరు, కొత్తగా చేరిన పిల్లకి మొదటి సీజన్‌లో ఇందులో సగం వచ్చినా గొప్పే. 12 ఏళ్ల పిల్ల ఆట మ్యాచ్‌లో నిలబడితే పెరుగుతుంది, డగౌట్‌లో కూర్చుంటే పెరగదు.

అలాగని రెండో టీమ్‌కి వెంటనే సరే అనకండి. అక్కడ గట్టిగా అడగాల్సింది పిచింగ్ గురించే. చెయ్యి కింద నుంచి తిరుగుతుంది కాబట్టి భుజానికి ఏమీ కాదు, ఎన్నైనా వేయొచ్చు అనే మాట గ్రౌండ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. అది నిజం కాదు. చెయ్యి చుట్టూ తిరిగి కిందికి దిగేటప్పుడు భుజం ముందుభాగం మీద, అక్కడుండే బైసెప్స్ కండర మూలం మీద పెద్ద బరువు పడుతుంది. ఈ వయసు పిచర్లకి నేను పెట్టే హద్దు ఇది: మ్యాచ్‌కి 50 బంతులు, రోజుకి 80. వరసగా మూడో రోజు పిచింగ్ వద్దు.

ఈ వయసులో ఒక ఇన్నింగ్స్‌కి 15 నుంచి 20 బంతులు పడతాయి. 50 బంతులంటే దాదాపు మూడు ఇన్నింగ్స్. మీ పాప మూడు, ఇప్పుడున్న పిచర్ మూడు వేస్తే ఆరు. ఏడో ఇన్నింగ్స్ ఎవరు వేస్తారు? అదే రోజు రెండో మ్యాచ్ ఉంటే ఇద్దరికీ మిగిలేది చెరి 30 బంతులే. మూడో పిచర్ లేని టీమ్ టోర్నమెంట్‌కి వెళ్తే ఈ హద్దు దాటక తప్పదు. కాబట్టి కోచ్‌ని సూటిగా అడగండి: మూడో అమ్మాయిని ఎప్పటికి తయారు చేస్తారు, మ్యాచ్‌లో బంతులు ఎవరు లెక్కపెడతారు, వార్మప్‌లో వేసేవి లెక్కలోకి వస్తాయా? లెక్క రాసే మనిషి పేరు చెప్పలేకపోతే లెక్క జరగడం లేదని అర్థం.

ఇంకొకటి. ఏ బంతితో, ఎంత దూరం నుంచి వేయిస్తున్నారో చూడండి. చిన్నపిల్లల బంతి చుట్టుకొలత 11 అంగుళాలు, బరువు 170 గ్రాముల దగ్గర. పెద్దవాళ్ల బంతి 12 అంగుళాలు, 178 నుంచి 198 గ్రాములు. పిచింగ్ దూరం చిన్నవాళ్లకి 12.19 మీటర్లు, పెద్ద మహిళలకి 13.11 మీటర్లు. రెండూ ఒకేసారి మార్చేస్తే పిల్ల బలం చాలక నడుము దగ్గర ముందుకి వంగుతుంది, బంతి ఆలస్యంగా వదులుతుంది, అది బ్యాటర్ తల మీదుగా పోతుంది. దాన్ని సరిచేయాలని ఇంకా గట్టిగా విసురుతుంది, భుజం నొప్పి అక్కడ మొదలవుతుంది. ముందు బంతి మార్చి, అది చేతికి అలవాటయ్యాక కొద్దికొద్దిగా వెనక్కి జరిపే కోచ్ అయితే విషయం తెలిసినవారే.

పీఈటీ సార్:

మేడమ్, ఆట సంగతి పైన సార్ మంచిగ చెప్పిండు. నేను కాగితాల సంగతి చెప్త.

స్కూల్ల టీమ్ లేదని బిడ్డకు స్కూల్ గేమ్స్ లేవనుకోవద్దు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలల్ల సాఫ్ట్‌బాల్ అండర్-14, 17, 19 ఉంటది. ఎంట్రీ స్కూల్ పేరు మీదనే పోవాలె, క్లబ్ పేరు మీద పోదు. అందుకే జూన్‌ల బడి తెరవంగనే మీ పీఈటీని కలువుండ్రి, సెలక్షన్ తారీఖులు ఒక్కోసారి రెండు మూడు రోజుల ముందు మాత్రమే తెలుస్తయి. బోనఫైడ్ మీద ఫోటో అతికించి, హెడ్‌మాస్టర్ సంతకం, ముద్ర సగం ఫోటో మీదకు వచ్చేటట్టు వేయించుండ్రి. బోనఫైడ్, జీహెచ్‌ఎంసీ బర్త్ సర్టిఫికెట్, ఆధార్ మూడింట్ల పేరు, పుట్టిన తారీఖు ఒక్క తీరుగ ఉండాలె. ఇంటిపేరు ఒకదాంట్ల పూర్తిగ, ఇంకోదాంట్ల ఒక్క అక్షరం ఉంటే ఇప్పుడే సరిచేయించుండ్రి. ఆట మంచిగ వచ్చిన పిల్లలు గూడ ఈ ఒక్కదానికే ఆగిపోతరు.

జిల్లా సంగతి గూడ చూడుండ్రి. గచ్చిబౌలి రంగారెడ్డి జిల్లాల పడ్తది, ఓయూ హైదరాబాద్ జిల్లా, మీ హబ్సిగూడ మేడ్చల్–మల్కాజిగిరి. స్కూల్ గేమ్స్‌కు బడి ఏ జిల్లాల ఉంటే ఆ జిల్లా. సాఫ్ట్‌బాల్ అసోసియేషన్ సెలక్షన్లకు టీమ్ వాళ్లు ఏ జిల్లా తరఫున పంపుతరో ముందే అడుగుండ్రి. రెండు జిల్లాల పేరు రాయిస్తే తర్వాత లొల్లి అయితది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాల సాఫ్ట్‌బాల్ ఉన్నది. దానికి సర్టిఫికెట్ ఫారాలు ముఖ్యంగ నాలుగు: 1 దేశం తరఫున ఆడితే, 2 రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడితే, 3 ఇంటర్ యూనివర్సిటీ, 4 నేషనల్ స్కూల్ గేమ్స్. ప్రైవేటు కప్పుల సర్టిఫికెట్ ఈ నాలుగింట్ల దేంట్లకు రాదు, దాని మీద నేషనల్ అని ఎంత పెద్ద అక్షరాలతోటి రాసినా. గచ్చిబౌలి వాళ్లు గెలిచిన కప్పులల్ల ఏవి అసోసియేషన్‌వి, ఏవి ప్రైవేటువి అని అడుగుండ్రి. ఒలింపిక్స్ మాట నిజమే, సాఫ్ట్‌బాల్ 2028ల మళ్ల వస్తున్నది. కాని దాన్ని చూసి 12 ఏళ్ల బిడ్డకు టీమ్ ఎంచుకునుడు సరికాదు.

హబ్సిగూడ అమ్మ:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇద్దరు కోచ్‌లకీ ఫోన్ చేశాను. గచ్చిబౌలి ఆయన మొదటి ఏడాది అవుట్‌ఫీల్డ్‌లో (బేస్‌ల వెనక దూరంగా) ఆడిస్తాం, పిచింగ్ తర్వాత చూద్దాం అన్నారు. ఓయూ వైపు ఆయన మ్యాచ్‌కి 50 బంతులకి ఒప్పుకున్నారు, ఇంకో అమ్మాయికి పిచింగ్ నేర్పడం మొదలుపెట్టామన్నారు. బ్యాట్ సంగతి, ప్రయాణాల సంగతి ఎవరైనా చెబుతారా?

కిట్ బ్యాగ్ ఆంటీ:

బ్యాట్ విషయంలో తొందరపడకండి. ఈ వయసుకి 29 నుంచి 31 అంగుళాల పొడవు, మైనస్ 10 లేదా మైనస్ 11 సరిపోతుంది. మైనస్ 10 అంటే 30 అంగుళాల బ్యాట్ 20 ఔన్సులు తూగుతుంది. పాప ఒంటి చేత్తో పిడి పట్టుకుని బ్యాట్‌ని పక్కకి చాచి అర నిమిషం నిలపగలగాలి. ముందే చెయ్యి వణికితే అది బరువెక్కువ. బ్యారెల్ మందం రెండుంపావు అంగుళాలు దాటకూడదు. షాపులో బేస్‌బాల్ బ్యాట్ అంటగడితే అంపైర్ ఆడనివ్వరు, డబ్బు పోయినట్టే. కాంపోజిట్ ఖరీదైనది, పైగా ఈ వయసులో ఏడాదికో సైజు మారుతుంది. ఇప్పటికి అల్యూమినియం చాలు. ఆ డబ్బు 11.5 లేదా 12 అంగుళాల తోలు గ్లవ్ మీద, ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్ మీద పెట్టండి. మన గ్రౌండ్లలో ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల మధ్య నేల) గట్టి మొరం. నేల బంతి గులకరాయి తగిలి ముఖం మీదకి లేస్తుంది. సెకండ్ బేస్‌లో, పిచింగ్‌లో ఉండే పిల్లకి ఫీల్డింగ్ ఫేస్ మాస్క్ కూడా కావాలి.

గ్రౌండ్‌కి వెళ్లినప్పుడు బేస్‌లు చూడండి. బేస్‌కీ బేస్‌కీ 18.29 మీటర్లు ఉండాలి, కాలు పెడితే జారకూడదు. ఫస్ట్ బేస్ తెలుపు, నారింజ రంగుల జంట బేస్ అయితే మంచిది. పరిగెత్తే పిల్ల నారింజ దాని మీద, బంతి పట్టే పిల్ల తెల్లదాని మీద కాలు పెడతారు, ఢీకొనరు. స్లైడింగ్‌ని నేరుగా మొరం మీద నేర్పిస్తుంటే వద్దని చెప్పండి. మొదట తడి గడ్డి మీద నేర్పాలి, తర్వాత కూడా మోకాలి ప్యాడ్ ఉండాలి.

మెట్రో 6కి మొదలవుతుంది కాబట్టి 6 గంటల ప్రాక్టీస్‌కి పనికిరాదు. గచ్చిబౌలికైతే పాప నాలుగున్నరకల్లా లేవాలి, తిరిగొచ్చేది ఆఫీసు ట్రాఫిక్‌లో, ఆపైన స్కూలు. వారానికి ఎన్ని రోజులు అలా చేయగలదో మీ ఇంట్లోవాళ్లే నిజాయితీగా చెప్పుకోవాలి. ఓయూ వైపైతే ఇంటికొచ్చి స్నానం చేసి, టిఫిన్ తిని వెళ్లొచ్చు. వారానికి కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి, ఏడాది మొత్తంలో మూడు నెలలు ఈ ఆటకి సెలవు ఏ టీమ్ ఇస్తుందో అడగండి. ఎండాకాలం 8 దాటాక ఆడించకూడదు, ప్రతి 20 నిమిషాలకి గ్లాసుడు నీళ్లు తాగించాలి.

ప్రయాణాల గురించి మొహమాటపడకుండా అడగండి. అమ్మాయిలతో వచ్చే లేడీ మేనేజర్ ఎవరు, వాళ్లతోనే రాత్రి ఉంటారా? బస స్కూల్ గదుల్లో అయితే తలుపుకి లోపల గడియ, దగ్గర్లో టాయిలెట్ ఉన్నాయా? కోచ్ ఎవరైనా సరే, పిల్లతో ఒంటరిగా ప్రయాణం, విడిగా రాత్రి మెసేజ్‌లు ఉండకూడదు. గ్రూప్‌లోనే, మీరు చూసేలాగే అన్నీ జరగాలి. ఈ ప్రశ్నలకి చిరాకు పడే టీమ్ ఎన్ని కప్పులు గెలిచినా వద్దు.

నెలకి 3,000 అన్నది పూర్తి లెక్క కాదు. ఎంట్రీ ఫీజు, రైలు టికెట్లు, జెర్సీలు, కోచ్ ఖర్చులో మీ వాటా, మధ్యలో మానేస్తే ఏది తిరిగిస్తారు, అన్నీ రాసిమ్మనండి.

విండ్‌మిల్ కోచ్:

మీరు చెప్పినదాన్ని బట్టి నేనైతే ఓయూ వైపే మొగ్గుతాను. పిచర్ కావాలనుకునే పిల్లని ఏడాది అవుట్‌ఫీల్డ్‌లో ఉంచితే, అలవాటైన రిలీజ్ (బంతి వదిలే తీరు) చెదిరిపోతుంది. అయినా మాటిచ్చే ముందు రెండుచోట్లా ఒక్కో ప్రాక్టీస్ మొత్తం కూర్చుని చూడండి. ఒక కాగితం మీద మీ పాపకి ఎన్ని గ్రౌండ్ బాల్స్ (నేల బంతులు) వచ్చాయో, ఎన్ని స్వింగులు చేసిందో గీతలు పెట్టండి. గంటన్నరలో గ్రౌండ్ బాల్స్ 25, టీ (బంతిని నిలబెట్టే స్టాండు) మీదవి కలిపి స్వింగులు 40 అయినా ఉండాలి. పిల్లలంతా ఒకే వరసలో నిలబడి ఒక్కరు ఆడుతుంటే, మిగతావాళ్లు చూస్తుంటే ఆ సంఖ్య సగానికి పడిపోతుంది. టీమ్‌ని మూడు గుంపులుగా చేసి తిప్పే కోచ్ కావాలి. తప్పు చేసిన పిల్లతో కోచ్ ఏం మాట్లాడతాడో కూడా వినండి: మోకాలు వంచు, గ్లవ్ నేలకి ఆనించు అని చెప్పాలి, ఊరికే అరవకూడదు.

పాపని ఏ టీమ్ కావాలని అడగకండి, ఆ ప్రశ్నకి రోజుకో జవాబు వస్తుంది. ఈ రోజు ఎవరితో క్యాచ్ ఆడావు, ఏం కొత్తగా నేర్పారు, రేపు మళ్లీ వెళ్తావా అని అడగండి. బండి మీదే అడగొద్దు, సాయంత్రం అడగండి. వద్దనుకున్న టీమ్‌కి మీరే ఫోన్ చేసి చెప్పండి, సీటు ఖాళీ అయితే ఇంకో పిల్లని తీసుకుంటారు. అదే కోచ్ రేపు జిల్లా సెలక్షన్‌లో కూర్చోవచ్చు కూడా.