హీట్ పంప్: ఒకరు 5 టన్నులు అంటున్నారు, ఇంకొకరు 3 చాలంటున్నారు, ఎవరి మాట వినాలి?

చలిపులి:
అందరికీ నమస్కారం. మాది 1,600 చదరపు అడుగుల ఇల్లు, ఒకటే అంతస్తు, హాలు, వంటగది, మూడు పడకగదులు. చలికాలంలో రాత్రిళ్లు మైనస్ 8 దాకా పడిపోతుంది, ఎండాకాలం వచ్చిందంటే 40. ఇన్నాళ్లూ చలికి కరెంటు రూమ్ హీటర్లు, ఎండకి రెండు విండో ఏసీలతో నెట్టుకొచ్చాం. ఇప్పుడు రెండిటికీ కలిపి హీట్ పంప్ పెట్టిద్దామని ఇద్దరు కాంట్రాక్టర్లని పిలిచాను. మొదటాయన హాల్లో నిలబడి నాలుగు పక్కలా చూసి 5 టన్నులు కావాలన్నాడు. రెండో ఆయన 3 చాలన్నాడు. టేపు మాత్రం ఇద్దరూ బయటికి తీయలేదు. ఎవరిని నమ్మాలి? పెద్దది పెట్టుకుంటే పోలేదా, ఎప్పటికైనా పనికొస్తుంది కదా?

నమ్మనుగాక:
నాకు తెలిసిన వాళ్లింట్లో ఇలాంటిదే పెట్టారండి, గడ్డకట్టే చలిలో చల్లగాలే వచ్చేది. బయట మైనస్‌లో ఉంటే అది వేడి ఎక్కణ్నుంచి తెస్తుంది? హీటర్లే నయం.

మీటర్‌పిచ్చి:
బయట మైనస్ 8 అంటే వేడి అసలు లేదని కాదండీ. వేడి పూర్తిగా లేకపోవడం అంటే మైనస్ 273, అక్కడికి ఇంకా చాలా దూరం ఉంది. బయటి కాయిల్లో గ్యాస్ అంతకంటే చల్లగా ఉంటుంది కాబట్టి ఆ చలిగాలి నుంచి కూడా వేడి లాక్కుంటుంది, కంప్రెసర్ దాన్ని ఒత్తి ఇంకా వేడెక్కించి లోపలికి పంపుతుంది. ఎండాకాలంలో అదే గ్యాస్‌ని ఒక వాల్వు ఎదురు దిక్కుకి తిప్పుతుంది, అప్పుడది మామూలు ఏసీ. ఇదేమీ కొత్త ఆలోచన కాదు, ఇలా ఇళ్లు వెచ్చబెట్టొచ్చని కెల్విన్ అనే శాస్త్రవేత్త 1852లోనే చెప్పాడు. హీటరు ఒక యూనిట్ కరెంటు తాగితే ఒక యూనిట్ వేడే ఇస్తుంది, అంతకు మించి ఇవ్వలేదు. హీట్ పంప్ బయట 7 డిగ్రీలున్నప్పుడు మూడు, మూడున్నర దాకా ఇస్తుంది, మైనస్ 8లో రెండు, రెండున్నర. తగ్గే మాట నిజమే, అయినా హీటరు కంటే రెట్టింపు. మీవాళ్లింట్లో చల్లగాలి ఎందుకొచ్చిందో చూడకుండా చెప్పలేను గానీ ఇలాంటి కేసుల్లో ఎక్కువసార్లు తప్పు మిషన్‌ది కాదు, పెట్టినవాళ్లది.

ఇక చలిపులి గారూ, మీ ప్రశ్నకి జవాబు కాంట్రాక్టర్ల దగ్గర కాదు, మీ కరెంటు మీటర్ దగ్గర ఉంది. ఇప్పుడు వాడుతున్నవి హీటర్లే కాబట్టి మీ అదృష్టం బాగుంది. బాగా చలిగా ఉన్న రోజుల్లో 24 గంటల రీడింగ్ రాసుకోండి. హీటర్లు వేయని రోజుల్లో ఎన్ని యూనిట్లు కాలుతుందో అది తీసేయండి. మిగిలింది 24తో భాగిస్తే మీ ఇల్లు గంటకి ఎంత వేడి బయటికి వదిలేస్తోందో వస్తుంది. ఆ రోజు బయట సగటు ఉష్ణోగ్రత ఎంత, లోపల ఎంత, అదీ రాయండి.

చలిపులి:
మొన్న బాగా చలేసిన రోజు రీడింగ్ ఉంది సార్. మొత్తం 108 యూనిట్లు. హీటర్లు లేకుండా రోజుకి 18 అవుతుంది. అంటే 90. బయట సగటు మైనస్ 3.

రాగిపైపు:
మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోవద్దు. పద్నాలుగేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. ఆ రోజు అన్ని గదుల్లోనూ హీటర్లు నడిచాయా? తలుపులేసి వదిలేసిన గది ఏదైనా ఉందా? ఈ లెక్కలో జనం బోల్తా పడేది ఇక్కడే.

చలిపులి:
అయ్యో, నిజమేనండి. వెనక పడకగదిలో ఎవరూ పడుకోరు, దానికి హీటర్ పెట్టలేదు. మళ్లీ చూసి చెప్తాను.

(నాలుగు రోజుల తర్వాత)

చలిపులి:
ఈసారి అన్ని గదుల్లోనూ హీటర్లు పెట్టి, లోపల 20 డిగ్రీలు ఉండేలా చూసుకున్నాను. 138 యూనిట్లు. 18 తీసేస్తే 120. బయట సగటు మళ్లీ మైనస్ 3 దగ్గరే.

మీటర్‌పిచ్చి:
భలే. 120ని 24తో భాగిస్తే గంటకి 5 యూనిట్లు, అంటే 5 కిలోవాట్లు. లోపలికీ బయటికీ తేడా 23 డిగ్రీలు, అంటే ఒక్కో డిగ్రీ తేడాకి మీ ఇంటికి దాదాపు 0.22 కిలోవాట్ కావాలి. బయట మైనస్ 8 అయినప్పుడు తేడా 28, లెక్క 6 పైచిలుకు కిలోవాట్లకి తేలుతుంది. ఎండపొడ, మనుషుల ఒంటి వేడి, వంట వేడి ఇందులో లెక్కకి రాలేదు కాబట్టి కొంచెం కలుపుకుని 7 అనుకోండి. ఒక టన్ను అంటే 3.5 కిలోవాట్లు. 5 టన్నులంటే 17.5! గోరుతో పోయేదానికి గొడ్డలెందుకండీ?

పెద్దది పెడితే పోలేదా అని అడిగారుగా, పోయేది చాలానే ఉంది. బయట 12 డిగ్రీలున్న రోజున మీ ఇంటికి కావల్సింది రెండు కిలోవాట్ల లోపే. ఇన్వర్టర్ కంప్రెసర్ ఎంత వేగం తగ్గించుకున్నా అంతకంటే కిందికి దిగలేని ఒక అడుగు హద్దు దానికీ ఉంటుంది, పెద్ద మిషన్‌కి ఆ అడుగే మీ అవసరం కంటే పైన ఉంటుంది. అప్పుడేమవుతుంది, ఆగుతుంది, మొదలవుతుంది, ఆగుతుంది, మొదలవుతుంది. కరెంటు దండగ, కంప్రెసర్‌కి ఆయుష్షు తక్కువ, ఎండాకాలం గది చల్లబడుతుంది గానీ గాలిలో తేమ పోదు, ఒళ్లంతా జిగటజిగటగానే ఉంటుంది.

అలాగని డబ్బా మీద 2 టన్నులు అని రాసుంటే 7 కిలోవాట్లు వచ్చేసినట్టే అనుకోవద్దు. ఆ టన్నులు బయట 35 డిగ్రీలున్నప్పటి చల్లదనం లెక్క, వేడి అంకె ఇచ్చినా అది బయట 7 డిగ్రీలున్నప్పటి పరీక్షది. మైనస్ 8లో ఎంతిస్తుందో కంపెనీ వాళ్ల టేబుల్ వేరే ఉంటుంది, అది అడిగి తీసుకోండి. ఇవ్వనంటే ఆ మోడల్ జోలికే వెళ్లొద్దు. మామూలుగా చూస్తే మీకు 3 టన్నులకి అటూ ఇటూగా తేలొచ్చు, రెండో ఆయన చెప్పింది సరైనదే, గాల్లో చెప్పినా. చల్లదనం లెక్క మాత్రం విడిగా వేయించండి, దానికి పైకప్పు, పడమర కిటికీలే ముఖ్యం, మీటర్ లెక్క పనికిరాదు.

చలిపులి:
ఎంత టెన్షన్ తగ్గిందో చెప్పలేను. ఇంకో డౌటు. ఆ రెండో కాంట్రాక్టర్ ఒకే అవుట్‌డోర్ యూనిట్‌కి నాలుగు ఇండోర్‌లు, ప్రతి గదికీ ఒకటి అంటున్నాడు. బయట ఒక్కటే ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది అని.

రాగిపైపు:
చూడ్డానికి బాగుంటుంది, అంతవరకే. చిన్న పడకగదికి కావల్సింది అర టన్ను కూడా కాదు, కానీ మార్కెట్లో మామూలుగా దొరికే చిన్న ఇండోరే ముప్పావు టన్ను ఉంటుంది. రాత్రి ఒక్క గదిలో నడిపితే ఆ పెద్ద అవుట్‌డోర్ తన అడుగు వేగం కంటే కిందికి రాలేదు, పైన చెప్పిన కథే మళ్లీ. పైగా అది చెడిపోతే ఇల్లంతా ఒకేసారి చలికి వణకాలి. నేనైతే రెండు విడి సెట్లు పెడతాను. హాలు, వంటగదికి కలిపి గోడకి ఒక ఒకటిన్నర టన్ను. మూడు పడకగదులకి కలిపి సీలింగ్ పైన దాగి గాలి గొట్టాలతో గదులకి గాలి పంపే డక్టెడ్ యూనిట్ ఇంకో ఒకటిన్నర, పొట్టి డక్టులతో. ఒకటి మొరాయించినా ఇంకోటి ఉంటుంది.

పెట్టే రోజు మాత్రం ఆఫీసుకి సెలవు పెట్టి ఇంట్లో ఉండండి. మా పనివాళ్లలో సగం మంది ఎగ్గొట్టేది వాక్యూమ్, అంటే పైపుల్లోని గాలీ తేమా పంపుతో లాగేయడం. కొంచెం గ్యాస్ వదిలి గాలిని బయటికి తోసేసి అయిపోయిందంటారు, ఒప్పుకోవద్దు. ముందు నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి జాయింట్లన్నిటికీ సబ్బునీళ్లు రాసి లీకు చూడాలి. తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి లోపలి ప్రెషర్‌ని 500 మైక్రాన్ల కిందికి దించాలి, పంపు ఆపి పది పదిహేను నిమిషాలు గేజీ వైపు చూస్తూ కూర్చోవాలి. ముల్లు పైకి పాకుతూ ఉంటే లోపల తేమైనా ఉంది, లీకైనా ఉంది. మైక్రాన్ గేజీ లేదన్న మెకానిక్‌ని నేనైతే గేటు దగ్గరే ఆపేస్తాను. ఫ్లేర్ (వెడల్పు చేసిన పైపు మూతి) మీది నట్లు చేతి అంచనాతో కాదు, టార్క్ రెంచితో బిగించాలి, ఎక్కువ బిగిస్తే ఫ్లేర్ చిట్లుతుంది, తక్కువైతే కారుతుంది. రాగి పైపులు రెండిటికీ విడివిడిగా ఇన్సులేషన్ ఉండాలి, రెండూ కలిపి ఒకే తొడుగులో చుట్టేస్తే ఒకదాని వేడి ఇంకోదానికి పోతుంది. పైపు పొడుగు కంపెనీ ఇచ్చిన హద్దు దాటితే మీటరుకి ఇన్ని గ్రాములని గ్యాస్ కలపాలి, అందాజాగా కాదు, కాటా మీద తూచి. ఇప్పుడొచ్చే వాటిలో ఎక్కువగా ఆర్32 అనే గ్యాస్ ఉంటుంది, దానికి కొద్దిగా మండే గుణం ఉంది కాబట్టి పక్కన సిగరెట్లు గట్రా వద్దు.

కరెంటు సంగతి: ఒక్కో యూనిట్‌కి బోర్డు నుంచి విడి లైను, విడి ఎంసీబీ. ఉన్న ప్లగ్గులోంచి లాగనివ్వద్దు.

ఇంకోటి, ఏసీ అలవాటున్న వాళ్లు మర్చిపోయేది. ఎండాకాలంలో నీళ్లు లోపలి యూనిట్ నుంచి కారతాయి, చలికాలంలో బయటి యూనిట్ నుంచి కారతాయి. కొంచెమేమీ కాదు, బకెట్లు. బయటి యూనిట్‌ని నడిచే దారి పక్కన పెడితే తెల్లారేసరికి అక్కడ ఐసు, మీరు జారి పడతారు. నేలకి అడుగున్నర ఎత్తులో స్టాండు మీద, కింద కంకర పోసి పెట్టించండి. మంచు కురిసే చోటైతే ఆ మంచు ఎత్తు కంటే పైన ఉండాలి.

(రెండు నెలల తర్వాత)

చలిపులి:
మీరు చెప్పినట్టే రెండు సెట్లు పెట్టించాను, గేజీ తెచ్చేదాకా మొదలుపెట్టనివ్వలేదు, మెకానిక్ నా మొహం అదోలా చూశాడు. బాగానే నడుస్తోంది. కానీ ఇవాళ పొద్దున 5 గంటలకి బయటి యూనిట్ నుంచి తెల్లటి పొగ! లోపల ఫ్యాన్ ఆగిపోయింది, ఏదో బుస్సుమని శబ్దం. కాలిపోతోందేమోనని మెయిన్ ఆపేశాను.

మీటర్‌పిచ్చి:
పొగ కాదండీ, ఆవిరి. బయటి కాయిల్ మీద మంచు పేరుకుంటే మిషన్ కాసేపు వాల్వు తిప్పేసి ఆ వేడితో కరిగించుకుంటుంది, దాన్నే డీఫ్రాస్ట్ అంటారు. ఆ బుస్సు వాల్వు తిరిగిన శబ్దం. లోపల చల్లగాలి తగలకుండా ఫ్యాన్ ఆపుతుంది. అయిదు పది నిమిషాల్లో మళ్లీ వేడిగాలి వస్తుంది. చలీ తేమా రెండూ ఉన్న రోజుల్లో గంటకోసారి జరిగినా మామూలే. మెయిన్ ఆన్ చేయండి. ఇంతకీ అడుగున ఐసు ఏమైనా ఉందా?

చలిపులి:
ఉంది, కింది ట్రేలో గడ్డకట్టి ఉంది, ఫ్యాన్ రెక్కలకి తగిలేటట్టుంది.

రాగిపైపు:
అది మాత్రం మామూలు కాదు. కింద కన్నానికి ప్లాస్టిక్ బెండు పెట్టి ట్యూబు తగిలించారా? ఆ ట్యూబులో నీళ్లు గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. చలి ప్రదేశాల్లో అది పెట్టకూడదు, కన్నాలు బార్లా వదిలేయాలి, కంకర మీద కారిపోతాయి. ముందు మెయిన్ ఆపి, గోరువెచ్చని నీళ్లు పోసి కరిగించండి. స్క్రూడ్రైవర్‌తో పొడవడం, సుత్తితో కొట్టడం వద్దేవద్దు, కాయిల్‌కి చిల్లు పడితే గ్యాస్ మొత్తం పోతుంది.

చలిపులి:
సరిగ్గా అదే. బెండు పీకేశాను, ఐసు కరిగింది, రెండు రోజులైంది మళ్లీ పేరుకోలేదు. హీట్ పంప్‌కి పెట్టిన విడి మీటర్లో నిన్నటి లెక్క 41 యూనిట్లు (ఫొటో పెట్టాను), బయట సగటు మైనస్ 2. హీటర్ల మీద ఇలాంటి రోజుకి 115 దాకా అయ్యేది.

నమ్మనుగాక:
41 అంటే నమ్మబుద్ధి కావట్లేదు గానీ మీటర్ ఫొటో చూపించారు కాబట్టి సరే. రాత్రి పడుకునేటప్పుడు ఆపేసి పొద్దున వేస్తే ఇంకా తగ్గుతుందిగా?

మీటర్‌పిచ్చి:
దీనికి అది సరిపడదండి. రాత్రంతా ఇల్లు చల్లబడి, సరిగ్గా బాగా చలిగా ఉన్న తెల్లవారుజామున మిషన్ ఫుల్ వేగంతో పరుగెత్తాలి, అప్పుడే దాని పనితనం అన్నిటికంటే తక్కువ. ఒకటి రెండు డిగ్రీలు తగ్గించి వదిలేయండి, అంతే. రిమోట్‌లో ఆటో మోడ్ వద్దు, చలికాలం హీట్‌లో, ఎండాకాలం కూల్‌లో పెట్టండి, లేకపోతే మధ్యాహ్నం ఎండకి గది కాస్త వేడెక్కగానే అదే చల్లబరచడం మొదలుపెడుతుంది. ఫిల్టర్ నెలకోసారి కడగాలి.

చలిపులి:
ఆఖరిది ఒకటి. పడకగది తలుపేస్తే ఆ గదిలోకి గాలి తక్కువగా వస్తున్నట్టుంది, తీస్తే బాగుంటుంది.

రాగిపైపు:
లోపలికి తోసిన గాలి తిరిగి వెనక్కి పోవడానికి దారి లేదు. తలుపు కింద ఒక అంగుళం ఖాళీ ఉందా చూడండి. లేకపోతే వడ్రంగిని పిలిచి కింద కొంచెం కోయించండి, లేదా తలుపు పైన గోడకి జాలీ పెట్టించండి.